జానపద రికార్డింగులకు ఉమ్మడి పదకోశం: డప్పా, పలకా, తప్పెటా?

ఐదుగురు కలిసి రికార్డింగులు ఎక్కిస్తుంటే ఒకరు ‘డప్పు’, ఒకరు ‘పలక’, ఇంకొకరు ‘తప్పెట’ అని ట్యాగ్ పెడుతున్నారు, ఏది ఖాయం చెయ్యాలి అన్నది కదా ప్రశ్న. ఏదో ఒకటి ఖాయం చెయ్యండి. మిగతావి కొట్టెయ్యకుండా పర్యాయపదాలుగా ఉంచండి, ఏ పేరుతో వెతికినా అన్నీ దొరకాలి.

కానీ ‘తప్పెట’ దగ్గర జాగ్రత్త. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళలో ఛాతీకి కట్టుకుని వాయించే రేకు తప్పెట వేరు, పుల్లలతో కొట్టే తోలు డప్పు వేరు. రెంటినీ కలిపేశారా, శ్రీకాకుళం రికార్డింగులు డప్పుల్లో పడి కనబడకుండా పోతాయి. విడదియ్యాలంటే ఒక్కొక్కటీ మళ్ళీ వినాల్సిందే. అందుకే రెండు వేర్వేరు ఎంట్రీలు పెట్టి, బ్రాకెట్లో తేడా రాసి, వాద్యం ఎలా ఉంటుందో, ఎలా వాయిస్తారో రెండు వాక్యాల్లో చెప్పండి.

మొదట సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఇప్పటికే వాడిన ట్యాగులన్నీ ఒక షీట్‌లోకి దించండి. నంబరు, ప్రధాన పదం, పర్యాయాలు, పై పదం (ఇది దేనిలో ఒక రకమో ఆ పదం), సంబంధిత పదం, వివరణ, ప్రాంతం: ఈ ఏడు గళ్ళు చాలు. పదం మారినా నంబరు మారకూడదు, తీసేసిన నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. రికార్డింగుకి తగిలించేది నంబరే.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పై పదం దగ్గర. డక్కీని తీసుకెళ్ళి బుర్రకథ కింద పెడతారు. ‘డక్కీ ఒక రకం బుర్రకథా?’ అని అడిగి చూడండి. కాదు, అందులో వాయించే వాద్యం. కాబట్టి దాని పై పదం ‘చర్మవాద్యం’, బుర్రకథ సంబంధిత పదం మాత్రమే. కళాకారుల కులం పేరుకీ ఇదే లెక్క: కళ కింద కాదు, విడి ఎంట్రీగా, వాళ్ళు తమను తాము పిలుచుకునే పేరుతో. పాత రికార్డుల్లోని కించపరిచే మాటలు వెతుకులాటకు పనికొస్తాయి, తెరమీద కనబడనక్కర్లేదు.

అక్షరాల గొడవ చిన్నదనుకుంటాం గానీ ప్రాణం తీస్తుంది. ‘గుళ్ళు’ అని వెతికితే ‘గుళ్లు’ రాదు, ‘ఒగ్గు కథ’ అంటే ‘ఒగ్గుకథ’ రాదు. ‘బ్యాండ్‌మేళం’లో డ్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటుంటుంది, కాపీ చేసినప్పుడు అదీ వెంట వస్తుంది. ఇలాంటి రూపాలన్నీ పర్యాయాల గడిలో పడెయ్యండి.

షీట్ కుదురుకున్నాక ఎస్‌కేఓఎస్ (పదకోశాలను కంప్యూటర్లు చదువుకునేలా రాసే ప్రామాణిక పద్ధతి) లోకి మార్చి, పదకోశాలు నడపడానికి ఉచితంగా దొరికే టెమాట్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించవచ్చు. అమెరికన్ ఫోక్‌లోర్ సొసైటీ పదకోశంతో లంకె వేసేటప్పుడు మాత్రం సరిజోడు లేని చోట బలవంతంగా ‘సమానం’ అనకండి, అక్కడి విశాల పదానికి కట్టండి.