ఆఖరి ఏడాదికి ముందు 21 వేల ఆఫర్: మా అబ్బాయి కాలేజీ మానేయాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాం. ఆయన ట్యాక్సీ నడుపుతారు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా అబ్బాయికి బీకాం రెండో ఏడాది అయిపోవచ్చింది. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే ఒక కంపెనీ గోడౌన్‌లో సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఆర్డర్ల సరుకులు ఏరే పికర్‌గా చేస్తూ నెలకు 11,000 తెస్తున్నాడు. ఇప్పుడు వాళ్లు 21,000 ఇస్తాం, ఫుల్‌టైమ్ రమ్మంటున్నారు. "డిగ్రీ చేసినవాళ్లూ ఇక్కడే డబ్బాలు సర్దుతున్నారు, ఇంకో ఏడాది 85,000 ఫీజు ఎందుకమ్మా" అంటాడు. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. ఇప్పటిదాకా ఫీజుల కోసం తెలిసినాయన దగ్గర 1,20,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. నా గాజులు ఉన్నాయి గానీ కుదువ పెట్టడం ఇష్టం లేదు. పాప పీయూసీ (ఇంటర్) రెండో ఏడాది. ఇంజనీరింగ్ చదువుతానంటోంది. ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఏడాదికి 3 లక్షలన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ పట్టా ఉన్నవాళ్లు తన పక్కనే ర్యాకుల మధ్య సరుకులు ఏరుతుంటే ఏ పిల్లాడికైనా అనుమానం వస్తుంది. యువతలో చదువుకున్నవాళ్లలోనే నిరుద్యోగం ఎక్కువని కేంద్రం చేయించే లేబర్ సర్వేలు కూడా చెబుతున్నాయి. పెద్దగా చదువుకోనివాళ్లకు ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు, దొరికిన పనికి వెళ్లిపోతారు. డిగ్రీవాళ్లు తగిన ఉద్యోగం కోసం కొన్నాళ్లు ఆగుతారు. ఆ తేడాకు ఇదీ ఒక కారణం. కాబట్టి పట్టా చేతికొస్తే అంతా అదే సర్దుకుంటుందని మీకు ఉత్తుత్తి ధైర్యం చెప్పలేను. అంకెలన్నీ మీరే ఇచ్చారు, వాటితోనే చూద్దాం.

ముందు ఆ 21,000 సంగతి. నోటిమాటగా చెప్పారా, కాగితం మీద ఇచ్చారా? ఆఫర్ లెటర్ అడగమనండి. అది సీటీసీ (కంపెనీ మీవాడి మీద పెట్టే మొత్తం ఖర్చు) అయితే చేతికి 21,000 రాదు. అందులో బేసిక్ 12,000 అనుకుందాం. దాని మీద 12 శాతం, అంటే 1,440, మీవాడి వాటాగా పీఎఫ్‌కు పోతుంది. కంపెనీ వేసే 1,440 కూడా చాలాచోట్ల సీటీసీలోనే కలిపి చూపిస్తారు. ఈఎస్‌ఐకి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఇవన్నీ పోగా చేతికి 17,500 చుట్టుపక్కల వస్తుంది. పీఎఫ్ ఎక్కడికీ పోదు, మీవాడి పేరు మీదే ఉంటుంది. ఈఎస్‌ఐ ఇంట్లోవాళ్ల వైద్యానికి కూడా అక్కరకొస్తుంది. కాకపోతే ఇలాంటి గోడౌన్లలో చాలామందిని కాంట్రాక్టర్ ద్వారా తీసుకుంటారు. ఒకవేళ చేరితే మొదటి నెల పే స్లిప్పులోనే యూఏఎన్ (పీఎఫ్ నంబరు), ఈఎస్‌ఐ నంబర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. పీఎఫ్ నిజంగా పడుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో తెలిసిపోతుంది.

ఇప్పుడు గంటల లెక్క వేద్దాం. ఇవాళ రోజుకు 5 గంటలు, నెలకు 26 రోజులు, మొత్తం 130 గంటలు. 11,000ని 130తో భాగిస్తే గంటకు దాదాపు 85 రూపాయలు. ఫుల్‌టైమ్ అంటే రోజుకు 9 గంటలు, నెలకు 234 గంటలు. చేతికొచ్చే 17,500ని భాగిస్తే గంటకు 75. పీఎఫ్ రెండు వాటాలూ కలిపినా 87 దగ్గరే ఆగుతుంది. అంటే మీవాడి పనికి వాళ్లు రేటు పెంచలేదు. అదే రేటుకు ఇంకో 104 గంటలు అడుగుతున్నారు. జీతం దాదాపు రెట్టింపైనట్టు వాడికి అనిపించడం సహజమే, ఈ కాగితం ముక్క వాడి ముందు పెట్టండి. వాడు అమ్ముతున్నది కాలేజీ గంటలు. వాటికి చేతికి అదనంగా వచ్చేది నెలకు 6,500.

ఇక ఆఖరి ఏడాది ఖరీదు. గడిచిన రెండేళ్లలో కట్టిన ఫీజు ఈ లెక్కలోకి తేవద్దు. చదివినా మానేసినా అది తిరిగి రాదు. ఇల్లు, తిండి ఖర్చు కూడా ఎలాగూ ఉండేదే. మిగిలింది 85,000 ఫీజు, ఫుల్‌టైమ్ చేస్తే ఆ ఏడాదిలో అదనంగా వచ్చే 78,000, పీఎఫ్ కింద ఇంకో 35,000 దాకా. ఉజ్జాయింపుగా 2 లక్షలు. డిగ్రీ చేతికొచ్చాక దొరికే ఉద్యోగంలో జీతం నెలకు 4,000 మాత్రమే ఎక్కువనుకున్నా 50 నెలల్లో ఆ డబ్బు వచ్చేస్తుంది. 8,000 ఎక్కువైతే 25 నెలలు చాలు. ఇరవై ఏళ్ల పిల్లాడికి ఇది పెద్ద గడువు కాదు. పికర్ జీతం కనీస వేతనం, దాని మీద డీఏ పెరిగినంత మేర మాత్రమే కదులుతుంది. అకౌంట్స్ పని తెలిసినవాడి జీతం అనుభవంతో పెరుగుతుంది. అందుకే నా మాట: ఈ ఏడాది కాలేజీ మానిపించవద్దు.

అయితే ఆ 4,000, 8,000 ఊరికే రావు, ఇక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. విదేశీ కంపెనీలు తమ పనుల కోసం ఇక్కడ పెట్టుకునే సొంత ఆఫీసులు (జీసీసీలు) దేశంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది బెంగళూరులోనే. మాన్యతా టెక్ పార్కులో, ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో బిల్లుల చెల్లింపు, పద్దుల సరిచూపు పనులకు బీకాం పిల్లల్ని తీసుకుంటారు. ‘బ్యాక్‌లాగ్ ఉండకూడదు’ అనే షరతు సాధారణంగా ఉంటుంది. బ్యాంకు క్లర్కు, పీఓ పరీక్షలకూ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కూ డిగ్రీ లేకపోతే అప్లికేషనే వేయలేం. రాత్రి పదకొండుకు పని దిగి, ఇల్లు చేరి, తిని పడుకునేసరికి ఒంటిగంట అవుతుంది. పొద్దున మొదటి క్లాసులో వాడి కళ్లు మూతపడకుండా ఉంటాయా? ఆ రెండు బ్యాక్‌లాగ్‌లు తెలివి తక్కువై రాలేదని నా నమ్మకం. ఇదే టైమింగ్‌తో మూడో ఏడాది కూడా గడిస్తే బ్యాక్‌లాగ్‌లు నాలుగవుతాయి. అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గితే హాల్ టికెట్ దగ్గర ఇంకో టెన్షన్. అప్పుడు మాత్రం మీ అబ్బాయి అన్నదే నిజమవుతుంది, 85,000 వృథా.

పని గంటలు తగ్గించాలంటే ఇంటి మీద భారం తగ్గాలి. అందులో మొదటిది ఆ రెండు రూపాయల వడ్డీ. నెలకు 2,400, ఏడాదికి 28,800. అంటే శాతంలో 24. మీవాడు నెలంతా చేసే 130 గంటల్లో 28 గంటలు ఆ వడ్డీకే పోతున్నాయి. అమ్మా, గాజులంటే ఆడవాళ్లకు ఉండే అనుబంధం నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, వాటిని బ్యాంకులో పెట్టండి. వీధి చివర కుదువ కొట్టులో వద్దు, బ్యాంకులోనే. ఏడాదికి 10 శాతం పడిందనుకుంటే వడ్డీ 12,000. నెలకు 1,400 మిగులుతుంది. నెలకు 6,000 చొప్పున అసలు, వడ్డీ కలిపి కట్టేస్తే 22 నెలల్లో గాజులు ఇంటికొస్తాయి. ఏడాదికోసారి వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయించే పద్ధతి పెట్టుకోకండి, వాయిదా తప్పితే వేలం నోటీసు వస్తుంది.

ఆఖరి ఏడాది ఫీజుకు మళ్లీ ఆ తెలిసినాయన దగ్గరికి వెళ్లవద్దు. 4 లక్షల లోపు విద్యారుణానికి బ్యాంకులు ఆస్తి హామీ అడగకూడదు, తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసి, మీ ఖాతా ఉన్న బ్రాంచికి కూడా వెళ్లి అడగండి. కాలేజీ నుంచి ఫీజు వివరాల లెటర్, మార్కుల షీట్లు, ఆయన ఆదాయం కాగితాలు సిద్ధం చేసుకోండి. బ్యాక్‌లాగ్‌లు చూసి మేనేజరు వెనకాడవచ్చు. ఆ పేపర్లు ఈసారి సప్లిమెంటరీలో గట్టెక్కితే మాట మారుతుంది.

పార్ట్‌టైమ్ పని మానిపించమని మాత్రం చెప్పను. పని చేసే పిల్లలంటే నాకు గౌరవం. పని మార్చమంటాను. జయనగర్, మల్లేశ్వరం వైపు ఆడిటర్ల ఆఫీసుల్లో, చిక్‌పేట, అవెన్యూ రోడ్డు హోల్‌సేల్ షాపుల్లో ట్యాలీ (పద్దులు రాసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) ఎంట్రీకి కుర్రాళ్లు కావాలి. నెలవారీ జీఎస్టీ రిటర్నులు వేసే షాపులు ప్రతి నెలా 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20లోపు 3బీ (పన్ను లెక్క) వేయాలి కాబట్టి ఆ వారాల్లో బిల్లుల కట్టలు టేబుల్ మీద పేరుకుపోతాయి. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన పిల్లాడు షాపువాళ్లకు ఫోన్ చేసి తప్పిన బిల్లు రాబట్టగలిగితే ఆడిటరు వదులుకోడు. జీతం తక్కువే, 8,000 అనుకోండి. తగ్గే 3,000లో సగం దాకా వడ్డీ మార్పిడిలోనే వచ్చేసింది. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉంటాడు. ఏడాది తర్వాత ఇంటర్వ్యూలో "నేను ఇన్ని షాపుల రిటర్నులు చూశాను" అని చెప్పుకోగలడు. ఆ పని నచ్చితే డిగ్రీలో 55 శాతం ఉన్న కామర్స్ విద్యార్థికి సీఏ ఇంటర్మీడియట్‌లో నేరుగా చేరే దారి కూడా ఉంది.

ఇంత చెప్పినా కాలేజీకి వెళ్లనంటే బలవంతం చేయకండి, డిగ్రీని మాత్రం వదలనివ్వకండి. మైసూరులోని కర్ణాటక ఓపెన్ యూనివర్సిటీ గానీ, ఇగ్నో గానీ ఇచ్చే డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని యూజీసీ నిబంధన ఉంది. ఇప్పటికే పాసైన పేపర్ల క్రెడిట్లు లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది చేరే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. లేదంటే మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలు.

పాప విషయంలో నా జవాబు చిన్నది: ఆ మేనేజ్‌మెంట్ సీటు వద్దు. ఏడాదికి 3 లక్షల చొప్పున నాలుగేళ్లకు 12 లక్షలు. 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతుంది, అది మీ దగ్గర లేనట్టుంది. ఉన్నా చూడండి: 10 శాతం వడ్డీ అనుకుంటే, కోర్సు అయి ఏడాది గడిచేసరికి బారువడ్డీ 4,20,000 చేరి బాకీ 16,20,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు 21,000 దాటుతుంది. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఉంది, చేతికి నెలకు 25,000 దాకా వస్తుంది. ఆ పిల్ల బెంగళూరులో మిగతా 4,000తో ఎలా బతుకుతుంది? మొత్తం రుణం మొదటి ఏడాది జీతం దాటకూడదని నేను అందరికీ చెబుతాను. ఇక్కడ అది మూడు రెట్లు దాటింది.

పాపకు దారి వేరే ఉంది. ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపు కర్ణాటకలో ఏడేళ్లు చదివి, ఇక్కడే ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి) గానీ పీయూసీ గానీ పాసైతే కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసీఈటీలో ప్రభుత్వ కోటా సీటుకు అర్హత ఉంటుంది. ఫీజు మేనేజ్‌మెంట్ సీటు కంటే ఎంతో తక్కువ. మీరు వచ్చి పదకొండేళ్లయింది కాబట్టి ఏడేళ్ల లెక్క సరిపోవచ్చు. దానికి స్టడీ సర్టిఫికెట్లు కావాలి, వాటి మీద స్కూలు సంతకంతో పాటు బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకం కూడా అవసరమో కాదో ముందే కనుక్కోండి. ఈ నెలలోనే పాప చదివిన స్కూలుకు వెళ్లి ఆ పని మొదలుపెట్టండి.