గోవా ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు

చిరంజీవి హరిణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన గోవా ఆఫర్ చూశాను. ఇద్దరికీ విమానం, మూడు రాత్రులు హోటల్, టిఫిన్, కారు అన్నీ కలిపి 15 వేలు, ఈ రాత్రికే సగం కట్టాలట. తొందరపడకమ్మా. అంత తక్కువకు ఎలా ఇస్తున్నారో ముందు వాళ్లనే అడుగు.

ధర తగ్గడానికి నిజమైన కారణాలు ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, బీచ్‌లో పాకల హోటళ్లు (షాక్‌లు) మూసేస్తారు, గదులు ఖాళీగా ఉంటాయి. శని, ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో వెళ్తే హోటళ్లు తగ్గిస్తాయి. గ్రూపు కోసం ముందే కొన్న విమానం సీట్లు మిగిలిపోతే ఏజెంటు వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. ఇవన్నీ ఫలానా తేదీలకే వర్తిస్తాయి. డిసెంబరు ఆఖరి వారానికీ అదే ధర అన్నారంటే ఇక ఆ మాట నమ్మకు. "ఇంకో గంటే ఉంది" అంటూ లేని తొందర పెట్టడాన్ని 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే ఎత్తుగడలు) మార్గదర్శకాలు పేరుపెట్టి నిషేధించాయి.

తర్వాత లెక్క వేసుకో. అదే తేదీకి శంషాబాద్ నుంచి రానుపోను టికెట్ల ధర విమాన సంస్థ సైట్లోనే చూడు. టికెట్లకే 18 వేలు అవుతుంటే 15 వేలకు హోటల్ కూడా కలిపి ఇచ్చేవాడు తేడా ఎక్కడో రాబట్టుకోవాలి. ఎయిర్‌పోర్టు పేరు కూడా రాయించుకో. గోవాలో దబోలిమ్ ఒకటి, 2023 జనవరిలో విమానాలు మొదలైన, ఉత్తరాన ఉన్న మోపా ఒకటి. హోటల్ దక్షిణాన ఉండి విమానం మోపాలో దిగితే ట్యాక్సీ ఖర్చు బాగానే పడుతుంది. రాత్రి చేరి, నాలుగో రోజు పొద్దున్నే తిరుగు ప్రయాణమైతే నాలుగు రోజుల్లో చేతికొచ్చేవి రెండే.

హోటల్ పేరు పక్కన "లేదా అలాంటిదే" అని ఉంటే ఒప్పుకోకు. పేరు తేల్చాక, ఆ హోటల్ సొంత సైట్లో ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యి, ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు. మీ పేరు మీద గది ఉందా, డబ్బు ముట్టిందా, సీపీనా ఎంఏపీనా అని అడుగు. సీపీ అంటే పొద్దున టిఫిన్ ఒక్కటే, ఎంఏపీ అంటే దాంతోపాటు ఒక పూట భోజనం.

వాళ్ల జీఎస్టీ నంబరు తీసుకో. 15 అక్షరాలుంటాయి, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే సంస్థ పేరు, రిజిస్టరైన తేదీ, ఇంకా నడుస్తోందా లేదా అన్నీ కనిపిస్తాయి. అయితే వేరేవాళ్ల నంబరు ఎత్తి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే యూపీఐలో డబ్బు పంపబోయేటప్పుడు తెర మీద వచ్చే పేరు, జీఎస్టీలో ఉన్న పేరు ఒకటేనా చూడు. సంస్థ పేరు ఒకటి, ఖాతా ఎవరో కుర్రాడి పేరు మీద ఉంటే అక్కడే ఆపెయ్యి. క్రెడిట్ కార్డు మీద కడితే మేలు, మోసం జరిగితే బ్యాంకులో డిస్ప్యూట్ వేసే, అంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం పెట్టే దారి ఉంటుంది.

అడ్వాన్సు కట్టిన రోజే పీఎన్నార్ అడుగు. ఆరు అక్షరాల ఆ కోడ్‌ను, మీ ఇంటిపేరును విమాన సంస్థ సైట్లో కొట్టి చూడు. కన్ఫర్మ్ అని రావాలి. హోల్డ్ అని ఉంటే ఇంకా డబ్బు కట్టలేదని అర్థం, గడువు దాటితే సీటు పోతుంది. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. కన్ఫర్మ్ అయిన టికెట్‌ను కూడా ఏజెంటు తర్వాత రద్దు చేయొచ్చు, ఆ రిఫండ్ అతనికే వెళ్తుంది. అందుకని బుకింగ్‌లో నీ ఫోన్ నంబరు, మెయిల్ పెట్టించు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి మళ్లీ చూసుకో.

మాల్‌లో, పెట్రోలు బంకులో చీటీ రాయించుకుని, "లక్కీ డ్రా తగిలింది, భార్యాభర్తలు కలిసి హోటల్‌కు రండి" అని ఫోన్ చేసేవాళ్ల సంగతి వేరు. అక్కడ అమ్మేది ఏళ్ల తరబడి సాగే హాలిడే క్లబ్ సభ్యత్వం, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో గది ఇస్తామనే ఒప్పందం. ఇద్దరూ రావాలనడంలో కిటుకు ఉంది: "ఇంట్లో అడిగి చెప్తాం" అనే సాకు మీకు మిగలకూడదని. సభ్యత్వం డబ్బు కాక ఏటా మెయింటెనెన్స్ ఉంటుంది, మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి, ఏటా పెరుగుతుంది కూడా. సెలవుల్లో అడిగితే గదులు లేవంటారు. కార్డు మీద ఈఎంఐ పెట్టించుకుంటే అది బ్యాంకు అప్పు, క్లబ్ మూతపడినా వాయిదాలు ఆగవు. ఒప్పందం కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వకపోతే లేచి వచ్చేయండి.

మీ అత్తగారి కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ గురించి కూడా అడిగావు. అది ఐఆర్‌సీటీసీ వాళ్ల హెలియాత్ర సైట్లోనే తీసుకోవాలి. అదే రూపంతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, గూగుల్‌లో పైన కనబడిందని నొక్కకు.

ఒకవేళ మోసంలో డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. అవతలి ఖాతాలోంచి డబ్బు తీసేసేలోపు చెబితేనే ఆపించగలరు. మోసం కాకుండా, చెప్పిన గది ఇవ్వలేదు, రిఫండ్ ఇవ్వట్లేదు లాంటి తగాదా అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా నువ్వు హైదరాబాద్‌లోనే వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వాట్సాప్ మాటలు, బ్రోచరు, రసీదు ఏదీ చెరిపెయ్యకు.

హోటల్ వాళ్లు ఏమన్నారో, జీఎస్టీలో ఏ పేరు వచ్చిందో నాకు రాయి.

మీ పెద్దమ్మ