గుర్తు పెట్టడం, గుర్తు పట్టడం

సందేహం: బీటీ పత్తి మీద వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. 'విజువల్ మార్కర్'కు 'దృశ్య గుర్తింపు చిహ్నం' అని రాయవచ్చా?

సమాధానం: రాయకండి. 'గుర్తింపు' అనగానే మనకు గుర్తింపు కార్డు, గుర్తింపు ఉన్న కాలేజీ తోస్తాయి. అది ఒకరిస్తే ఇంకొకరు పొందేది. 'దృశ్యం' అంటారా, సినిమాలో సీను. రెండూ కలిపితే చదివే రైతుకు ఏమీ అందదు.

అసలు ఇక్కడ రెండు పనులున్నాయి, వాటిని విడదీస్తే మాట దానంతటదే దొరుకుతుంది. కాపరి తన గొర్రె వీపు మీద రంగు పూస్తే అది గుర్తు పెట్టడం. సంతలో ఆ రంగు చూసి ఇది మనదే అంటే అది గుర్తు పట్టడం. బీటీ పత్తి లాంటివాటిని తయారుచేసేటప్పుడు, బయటి నుంచి చేర్చే కొత్త జన్యువు ఏ మొక్కలోకి ఎక్కిందో పైకి తెలియదు కాబట్టి శాస్త్రవేత్తలు దానితోపాటు రంగునిచ్చే ఇంకో జన్యువును చేరుస్తారు, అంటే గుర్తు పెడతారు. జెల్లీఫిష్ నుంచి తెచ్చిన జీఎఫ్‌పీ అనే గుర్తు అయితే నీలి కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది. 2020లో వచ్చిన రూబీ అనే ఇంకో గుర్తుకు ఏ దీపమూ అక్కర్లేదు, బీట్‌రూట్ ఎరుపే మొక్కలో పుట్టి మామూలు కంటికి కనిపిస్తుంది. వీటికి 'రంగు గుర్తు' చాలు.

మన పత్తి దగ్గరికొస్తే జాగ్రత్తగా రాయాలి. 2006లో మన దేశంలో అనుమతి పొందిన బోల్‌గార్డ్-2 అనే బీటీ పత్తిలో గస్ అనే గుర్తు జన్యువు ఉంది. కానీ ఆకు ముక్కను ప్రత్యేకమైన ద్రావణంలో నానబెడితేనే నీలం తేలుతుంది, చేలో నిలబడి చూస్తే అది మామూలు పత్తే. గుర్తు పెట్టారు, కంటితో మాత్రం పట్టలేం! ఇక్కడ మీరు 'దృశ్య చిహ్నం' అని రాస్తే, ఆకు చూసి బీటీ అవునో కాదో చెప్పేయొచ్చని ఎవరైనా నమ్మి విత్తనం విషయంలో మోసపోతారు, నా భయమంతా అదే.

బీటీ పత్తి ఆకు నలిపి, ఆ రసంలో పరీక్ష పట్టీ ముంచితే రెండు గీతలు పడతాయి చూడండి, బీటీ ప్రొటీన్ లేకపోతే ఒక్కటే పడుతుంది. ఆ రెండో గీతను నేనైతే 'ఆనవాలు' అంటాను. సీతమ్మకు హనుమంతుడు చూపిన ఉంగరం ఆనవాలే కదా, కంటికి కనిపించని మనిషి తరఫున చేతికి అందిన రుజువు. బహువచనం 'ఆనవాళ్లు', వేలు వేళ్లయినట్టే.