తక్కువ జీతంతో ఖరీదైన చోటికి మారేముందు

ఇప్పటి జీతంతోనే అద్దెలు మండిపోయే చోటికి మారాలి, గడుస్తుందా అని అడిగారు. గడుస్తుంది, కానీ మొదటి ఏడాది ఒంటరిగా ఇల్లు తీసుకోకండి. ఎవరితోనైనా కలిసి ఉండండి.

ముందు ఒక పని చేయండి. అక్కడ అద్దె, రానుపోను ఖర్చు ఇప్పటికంటే ఎంత పెరుగుతాయో లెక్కేసి, ఆ తేడాను జీతం పడిన రోజే పక్కన పెట్టేయండి. మిగిలిన దాంతో రెండు నెలలు గడపండి. ఇరవయ్యో తారీఖుకే చేయి ఖాళీ అయిందంటే ఆ అద్దె మీ వల్ల కాదు. గడిచిందా, దాచిన డబ్బు అడ్వాన్సుకు పనికొస్తుంది. అడ్వాన్సు, మొదటి నెల అద్దె, సామాను ఖర్చు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నేను మారినప్పుడు నాకు ఊపిరాడనిది అక్కడే.

ఇల్లు పంచుకునేవాళ్లంతా కలిసి ఒకే అద్దె ఒప్పందం మీద సంతకం చేస్తే, ఒకరు మధ్యలో వెళ్లిపోయినా వాళ్ల వాటా మిగతావాళ్ల మీద పడొచ్చు. అది చదివాకే సంతకం పెట్టండి. చేరిన రోజే గోడల మీద తడి మరకలు, పగుళ్లు, కరెంటు మీటరు అంకె ఫోటోలు తీసి ఓనరుకు పంపండి. నేను తీయలేదు. వంటింటి సింకుకు నేను చేరకముందే ఉన్న పగులుకు నా అడ్వాన్సులో కోత పడింది.

దూరంగా ఉంటే అద్దె తగ్గుతుంది, నిజమే. రాత్రి షిఫ్టు ఉంటే మాత్రం చివరి బస్సు టైము చూసుకున్నాకే గది ఖాయం చేయండి.