ప్రారంభోత్సవం అయ్యాక ప్రాజెక్టు ఎవరిది?

సేవా క్లబ్బుల సభ్యులు పంపిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా క్లబ్బులో ఏటా అధ్యక్షులు మారతారు. కొత్తవారు రాగానే కొత్త ప్రాజెక్టు మొదలవుతుంది, పాతది ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇక్కడ చేసే పనులైనా, విదేశీ క్లబ్బుతో కలిసి చేసేవైనా ఇదే తంతు. అసలు ప్రాజెక్టును ఎలా ఎంచుకోవాలి?

జవాబు: పదవి ఏడాదికే అయినా ప్రాజెక్టు చాలా ఏళ్లు నడవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. కాబట్టి ప్రాజెక్టును అధ్యక్షుల చేతిలో ఉంచకుండా కనీసం మూడేళ్లు మారని చిన్న కమిటీకి అప్పగించండి. ఇప్పటి అధ్యక్షులు, వచ్చే ఏడాది పదవి చేపట్టేవారు, ఆ తర్వాత రాబోయేవారు ముగ్గురూ తీర్మానం మీద సంతకం చేయాలి. ప్రాజెక్టు ఖర్చు రాసేటప్పుడే దాని పక్కన మూడేళ్ల నిర్వహణ ఖర్చు కూడా రాయండి. ఆ రెండో అంకె ఎవరు భరిస్తారో తేలకపోతే ఆ ప్రాజెక్టు ఇంకా సిద్ధం కానట్టే.

ఇక ఎంపిక సంగతి. ఊరికి వెళ్లి "మీకేం కావాలి?" అని అడిగితే, మీరు ఏమిస్తారని వాళ్లు అనుకుంటున్నారో అదే చెబుతారు. అలా అడక్కండి. "పోయిన ఏడాది ఇక్కడ ఏది పాడైంది? ఎవరు బాగుచేశారు? ఎన్నాళ్లు పట్టింది? డబ్బెవరు పెట్టారు?" అని అడగండి. ఊరి పెద్దలతో పాటు నర్సును, టీచర్లను, నీళ్లు మోసే ఆడవాళ్లను విడివిడిగా అడగాలి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే ఒకరిద్దరే మాట్లాడతారు. నాలుగు చోట్లా ఒకే ఇబ్బంది వినిపిస్తే అదే మీ ప్రాజెక్టు.

ఒకే పనిని వదలకుండా పట్టుకున్న క్లబ్బులు ఎంత దూరం వెళ్లగలవో పోలియో చూపించింది. రోటరీ అనే అంతర్జాతీయ సేవా క్లబ్బుల సంస్థ 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మందికి పైగా పిల్లలకు చుక్కల మందు వేయించే పనితో మొదలుపెట్టి, 1985లో పోలియో నిర్మూలనకు పోలియోప్లస్ అనే కార్యక్రమాన్ని ప్రకటించింది. ప్రభుత్వాలూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసివచ్చిన 1988 నాటికి 125 దేశాల్లో ఏటా దాదాపు 3,50,000 మంది పిల్లలు ఈ జబ్బున పడుతుండేవారు. భారత్‌లో సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. అన్నేళ్లలో ఎంతమంది అధ్యక్షులు మారినా పని మారలేదు. లయన్స్ క్లబ్బులు కూడా 1925లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ చేసిన విజ్ఞప్తి తర్వాత కంటిచూపు పనిని నేటికీ వదల్లేదు.

ప్రశ్న: మరో దేశంలోని క్లబ్బుతో కలిసి ఒక గ్రామానికి బోరు, చేతిపంపు వేయించాలనుకుంటున్నాం. నిధులు సమకూరాయి. ఇలాంటి పంపులు రెండు మూడేళ్లకే మూలనపడతాయని కొందరు భయపెడుతున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: వాళ్ల భయం నిజమే. అయితే పంపులు మూలనపడడానికి కారణాలు చాలావరకు ముందే తెలిసినవే.

మొదటిది బోరు వేసే కాలం. వానలు ముగిసిన వెంటనే వేస్తే నీరు పైపైనే దొరుకుతుంది, గుత్తేదారు అక్కడితో ఆపేస్తాడు. ఎండాకాలంలో మట్టం దిగిపోగానే నీటిని తోడే సిలిండరు గాల్లో ఉంటుంది. మట్టం అట్టడుగున ఉండే ఎండాకాలం చివర్లో వేయించండి. కొన్ని గంటల పాటు ఆపకుండా నీరు తోడించి, మట్టం ఎంత పడిందో, ఎంతసేపటికి తిరిగి పైకొచ్చిందో రాయించండి. ఈ కాగితం చేతికి రాకుండా చివరి వాయిదా చెల్లించకండి.

రెండోది నీటి నాణ్యత. కంటికి తేటగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదైపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. 100 మిల్లీలీటర్లలో మలం కలిసిందని తెలిపే ఈ.కోలి బ్యాక్టీరియా ఒక్కటీ కనబడకూడదు. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ మరిగిస్తే పోవు. అవి ఎక్కువుంటే ఆ బోరు మీద పంపు బిగించకుండా చోటు మార్చడమే మేలు. నీటి ఆమ్లగుణాన్ని చూపే పీహెచ్ అంకె కూడా తప్పక చూడండి. 6.5 కంటే తక్కువుంటే గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) ఇనుప పైపులను నీరు తినేస్తుంది. ఎర్రటి నీరొస్తుంది, బట్టలకు మరకలు పడతాయి, నోటికి ఇనుము రుచి తగులుతుంది. దాంతో జనం మళ్లీ చెరువు నీళ్లకే వెళ్లిపోతారు. అలాంటి చోట పీవీసీ పైపులు గానీ స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు గానీ వేయాలి.

మూడోది పంపు ఎంపిక. ఇండియా మార్క్-2 గట్టిది, కానీ లోపలి వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. దానికి మనుషులు, ప్రత్యేక పనిముట్లు, అనుభవం కావాలి. మార్క్-3, ఆఫ్రిదేవ్ రకాల్లో పైపులు కదపకుండానే పిస్టన్‌ను బయటికి తీయవచ్చు కాబట్టి ఊరివాళ్లే చేసుకోగలరు. అయినా ఇక్కడ మీ ఇష్టం కంటే ఆ ప్రాంతంలో ఏ పంపు విడిభాగాలు దొరుకుతాయన్నదే ముఖ్యం. చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఒక రకం ఉంటే, ఎంత మంచిదైనా ఇంకో రకం తీసుకెళ్లకండి. వాషరు దొరక్క పంపు ఆగిపోవడం చాలా మామూలు విషయం.

కట్టే తీరు కూడా చూడాలి. మరుగుదొడ్డికి కనీసం 30 మీటర్ల దూరం ఉండాలి. కేసింగు పైపు చుట్టూ పైనుంచి కనీసం 3 మీటర్ల వరకు సిమెంటు పాలు పోసి మూయకపోతే మురుగు కేసింగు పక్కనుంచే దిగుతుంది. చప్టాకు పగుళ్లుండకూడదు, దాని నుంచి కాలువ దూరంగా ఇంకుడు గుంతకో మొక్కలకో పోవాలి. పని పూర్తయ్యాక క్లోరిన్ ద్రావణం పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు వాసన పోయేదాకా తోడేయాలి. సూక్ష్మజీవుల పరీక్షకు నమూనా ఆ తర్వాతే తీయాలి. క్లోరిన్ ఉండగా తీస్తే ఫలితం తప్పుగా శుభ్రమని వస్తుంది.

ఇక నిర్వహణ. ఊళ్లోనే ఇద్దరికి, వీలైతే అందులో ఒక మహిళకు మరమ్మతు నేర్పించండి. వాళ్లకు రెండు పరీక్షలు తెలిస్తే చాలు, పంపు లోపలి సంగతి బయటపడుతుంది. నీళ్లు వచ్చేదాకా కొట్టి అరగంట ఆపి మళ్లీ కొట్టాలి. ఐదారు దెబ్బలు దాటినా నీరు రాకపోతే అడుగు వాల్వు గానీ పైపు కీళ్లు గానీ కారుతున్నాయని అర్థం. తర్వాత నిమిషంలో 40 దెబ్బలు పూర్తిగా కొట్టి వచ్చిన నీటిని కొలవాలి. సుమారు 12 లీటర్లు రావాలి. అది 10 కంటే తగ్గితే వాషరు అరిగినట్టు. ఈ పరీక్ష నెలకోసారి చేసి గోడమీదో పుస్తకంలోనో రాస్తే, పంపు ఆగిపోకముందే వాషరు మార్చుకోవచ్చు. వాషర్లు, సీలింగు రింగులు, బేరింగులు, గొలుసు, బోల్టులు రెండు జతలు పనిముట్లతో సహా ఊళ్లోనే ఉంచండి. పెట్టె తాళంచెవి క్లబ్బు దగ్గర కాదు, నీటి కమిటీ దగ్గర ఉండాలి. ఇంటింటి నుంచి ఎంతో కొంత చందా ప్రారంభోత్సవం నాటి నుంచే వసూలు కావాలి. ఏడాదిపాటు ఉచితంగా నడిచాక చందా అడిగితే ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న: వాడేసిన కళ్లద్దాలు, ఇళ్లలో మిగిలిన మందులు సేకరించి పేద దేశాలకు పంపవచ్చా? సభ్యులందరూ ఉత్సాహంగా ఉన్నారు.

జవాబు: మందుల విషయంలో వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి మందుల విరాళాలకు మార్గదర్శకాలు ఇస్తోంది. ఒకసారి రోగికి ఇచ్చి తిరిగి తీసుకున్న మందులు పనికిరావు. గమ్యం చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి. అక్కడి వైద్యులకు అర్థమయ్యే భాషలో, జెనరిక్ పేరుతో లేబుల్ ఉండాలి. అన్నిటికంటే ముందు వాళ్లు అడిగిన మందు అయ్యుండాలి. ఇళ్లలో మిగిలిన అరపట్టీలు వీటిలో ఒక్కదానికీ సరిపోవు. అవి అక్కడికి చేరితే ఏరడానికి నర్సుల సమయం, కాల్చేయడానికి ఆస్పత్రి డబ్బు ఖర్చవుతాయి.

కళ్లద్దాలు సేకరించవచ్చు, కానీ ఏరే ఓపిక ఉంటేనే. గీతలు పడ్డవి, విరిగినవి ముందు తీసేయాలి. మిగిలినవాటిని కడిగి, లెన్సోమీటరుతో రెండు కళ్ల పవరూ కొలిచి, చీటీ అంటించి వరుసలో పెట్టాలి. రెండు కళ్లకు వేర్వేరు పవరు, అస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేని లోపం) కోసం చేసిన పవరు ఉన్న జతలకు సరిగ్గా సరిపోయే మనిషి దొరకడం చాలా కష్టం. ఈ శ్రమా రవాణా ఖర్చూ లెక్కేస్తే, నలభై దాటినవారికి చదువుకోడానికి రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు కొత్తవి కొనివ్వడం చాలాసార్లు చవక. మిగతావారికి అక్కడి ఆప్టీషియన్ చేత పరీక్ష చేయించి అక్కడే అద్దాలు తయారు చేయిస్తే, విరిగితే మళ్లీ వెళ్లడానికి చోటు కూడా ఉంటుంది.

ఏ సరుకైనా కంటైనరులో పంపేటప్పుడు సుంకం మినహాయింపు పత్రం ఓడ బయల్దేరకముందే చేతికి రావాలి. సరుకు రేవులో దిగాక దరఖాస్తు చేస్తే, మినహాయింపు వచ్చేలోగా నిల్వ రుసుము సరుకు విలువను దాటిపోవచ్చు. పెట్టెపెట్టెకూ నంబరు, ఆ నంబరు ప్రకారం జాబితా ఉండాలి. "రకరకాల సామాన్లు" అని రాసిన ఒక్క పెట్టె చాలు, కంటైనరు మొత్తం తనిఖీకి ఆగిపోతుంది.

ప్రశ్న: చక్రాల కుర్చీల పంపిణీ చేస్తున్నాం. ఒకే సైజు కొంటే తగ్గింపు ధరకు వస్తాయంటున్నారు. కొనమంటారా?

జవాబు: కొనవద్దు. కుర్చీ కూడా చెప్పుల్లాంటిదే, కొలత లేకుండా పంచేది కాదు. సీటు వెడల్పు తుంటి వెడల్పుకు సరిపోవాలి. మరీ వెడల్పుంటే మనిషి ఒకవైపు ఒరిగి కూర్చుంటాడు, చేతులు చక్రాలకు అందవు. సీటు లోతు పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా ఉన్న కొలత కంటే 3 నుంచి 6 సెంటీమీటర్లు తక్కువుండాలి. ఎక్కువైతే మోకాలి వెనక ఒరుసుకుంటుంది, అది తప్పించుకోడానికి ముందుకు జారి నడుం వంచి కూర్చుంటారు. పాదాలు ఆనించే పలక మరీ పైకుంటే బరువంతా పిరుదుల ఎముకల మీదే పడుతుంది.

వెన్నుపాము దెబ్బతిన్నవారి విషయంలో ఇది ప్రాణాపాయం. స్పర్శ తెలియదు కాబట్టి పుండు పడేది వాళ్లకే తెలియదు. వారికి ఒత్తిడి తగ్గించే దిండు లేకుండా కుర్చీ ఇవ్వకూడదు. ముందుకో పక్కకో వంగి ఒత్తిడి తీసేయడం, రోజూ అద్దంలో చర్మం చూసుకోవడం నేర్పాలి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లలకు మామూలు కుర్చీ చాలదు, మెడకు, నడుముకు ఆధారం కావాలి. అది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాల్సిన పని.

గుంతల దారుల్లో చిన్న ముందు చక్రాలు ఇరుక్కుని కుర్చీ ముందుకు పల్టీ కొడుతుంది. అక్కడ ముందు చక్రాలు పెద్దవి, వెడల్పైనవి తీసుకోండి. వెనక టైర్లు సైకిలు దుకాణంలో దొరికే సైజువి అయితే పంక్చరు పడ్డ కుర్చీ మంచం కింద చేరదు. వందమందికి కుర్చీలిచ్చే డబ్బుంటే అరవైమందికి కొలిచి ఇచ్చి, మిగిలింది మళ్లీ వెళ్లి చూసి సరిచేయడానికి ఉంచండి.

ప్రశ్న: శుక్లాల శస్త్రచికిత్స శిబిరం నివేదికలో ఏమేం రాయాలి? ఇప్పటిదాకా ఎన్ని ఆపరేషన్లు జరిగాయో మాత్రమే రాస్తున్నాం.

జవాబు: ఎంతమందికి చూపు వచ్చిందో రాయండి. దాతకు తెలియాల్సిందీ, మీకు తెలియాల్సిందీ అదే. ఆపరేషన్‌కు ముందు, తర్వాత చూపు కొలతలు ప్రతి కంటికీ ఉండాలి. అందుబాటులో ఉన్న అద్దాలతో 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించే అక్షరం 6 మీటర్ల నుంచి కనిపించడం) లేదా అంతకంటే మెరుగైన చూపు కనీసం 80 శాతం కళ్లకు రావాలనీ, 6/60 కంటే తక్కువగా మిగిలేవి 5 శాతం లోపే ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. మీ ఆస్పత్రి ఈ లెక్క ఇవ్వలేనంటే ఇంకో ఆస్పత్రిని చూసుకోండి.

ఊళ్లో జరగాల్సింది పరీక్షలే. ఆపరేషన్ మాత్రం స్థిరమైన థియేటరున్న ఆస్పత్రిలోనే జరగాలి. బీపీ, షుగరు చూశారా, లోపల పెట్టే లెన్స్ పవరు కంటికంటికీ బయోమెట్రీతో (కంటి కొలతలు తీసే పరీక్షతో) లెక్కించారా అని అడగండి. మర్నాడు, వారానికి, నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ చూడాలి. అద్దాలు రాసేది ఆ చివరిసారే కాబట్టి ఆ రోజు రవాణా ఖర్చు బడ్జెట్లో ముందే పెట్టండి. ఇంటికి వెళ్లాక నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా అదే రోజు ఫోను చేయమని నంబరు పెద్ద అక్షరాల్లో చీటీ మీద రాసివ్వాలి. కంటి లోపల ఇన్ఫెక్షన్ సోకితే గంటలే లెక్క, మర్నాటి దాకా ఆగితే కన్ను పోవచ్చు.

ప్రశ్న: విదేశీ క్లబ్బుతో కలిసి చేసే పనులకు రోటరీ ఇచ్చే గ్లోబల్ గ్రాంటుకు చిన్న క్లబ్బు దరఖాస్తు చేయగలదా?

జవాబు: చేయగలదు. పని జరిగే దేశంలో ఒకటి, బయటి దేశంలో ఒకటి క్లబ్బు లేదా డిస్ట్రిక్టు (రోటరీలో కొన్ని క్లబ్బుల సమూహం) కలిసి దరఖాస్తు చేయాలి. ప్రాజెక్టు మొత్తం బడ్జెట్ కనీసం 30,000 డాలర్లుండాలి. అంతకంటే చిన్న పనులకు డిస్ట్రిక్ట్ గ్రాంటు సరిపోతుంది. స్థానికుల అవసరాలపై జరిపిన అధ్యయనం తప్పనిసరి. డబ్బు వచ్చాక విడి బ్యాంకు ఖాతా, రెండు సంతకాలు, ప్రతి చెల్లింపుకూ బిల్లు ఉండాలి. చాలా నివేదికలు వెనక్కి తిరిగొచ్చేది బిల్లుల్లేకే. కొటేషన్లు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చెల్లింపు జరిగిన రోజే స్కాన్ చేసి, మరుసటి కార్యదర్శికి కూడా తెరుచుకునే చోట దాచండి. కోశాధికారి సొంత ఫోన్లో ఉన్న బిల్లులు పదవి మారిన మర్నాడే దొరకవు.