చింతపులుసు ఫ్లోరైడ్‌కు విరుగుడా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. తాగడానికి మిషన్ భగీరథ పథకం కుళాయి నీళ్లే వాడుతున్నాం. పెరట్లోనే బోరు ఉన్నందున అన్నానికీ చాయ్‌కీ మాత్రం ఆ నీళ్లే పోస్తున్నాం. "రోజూ చింతపులుసు తింటే ఫ్లోరిన్ మూత్రంలో పోతుంది" అని మా అమ్మ అంటుంది. అందులో నిజం ఉందా?

జవాబు: మీ అమ్మగారి మాటకు ఆధారం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఒక హాస్టల్ పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండును, అంటే సుమారు ఉసిరికాయంత ఉండను, మధ్యాహ్న భోజనంతో 18 రోజులపాటు ఇచ్చి పరీక్షించారు. 2002లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు సగటున 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. పైగా మెగ్నీషియం, జింక్ మూత్రంలో పోవడం తగ్గింది. అయితే పరీక్ష పూర్తి చేసినవారు 18 మంది మాత్రమే, వారంతా ఆరోగ్యంగా ఉన్న అబ్బాయిలే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తాగి నడుము వంగిన పెద్దవారికి కూడా ఇంతే మేలు జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేము.

అలా చెప్పలేకపోవడానికి కారణం ఎముకలోనే ఉంది. నీటిలోని ఫ్లోరైడ్‌లో చాలా భాగం కడుపు నుంచీ పేగుల నుంచీ రక్తంలోకి చేరుతుంది. పెద్దలలో అందులో ఇంచుమించు సగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, తక్కినదంతా ఎముకలకు చేరుతుంది. ఎదిగే పిల్లల ఎముకలు ఇంకా ఎక్కువగా పట్టి ఉంచుకుంటాయి. ఎముకకు గట్టిదనాన్నిచ్చే ఖనిజంలోని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) స్థానంలో ఫ్లోరైడ్ కూర్చుంటే, ఎముక మళ్లీ అరిగి కొత్తగా కట్టుకొనేదాకా అది కదలదు, ఆ పనికి సంవత్సరాలు పడుతుంది. ఇలా పాతుకుపోయినదాన్ని చింతపులుసు ఎంతవరకు కదిలిస్తుందో ఆ చిన్న పరీక్షనుబట్టి చెప్పలేము.

నిజానికి మీరు అడిగినదానికంటే, అడగకుండా చెప్పిన మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తాగే నీరు మార్చి వంట నీరు మార్చకపోతే సగం పనే అయినట్టు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ ఆవిరైపోదు, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. గంజి వార్చకుండా వండిన అన్నం పోసిన నీటిలోని ఫ్లోరైడ్‌ను దాదాపుగా తనలోనే ఉంచుకుంటుంది. ఇక చాయ్ సంగతి మరీ విచిత్రం: తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకులలో కూడబెట్టుకుంటుంది కనుక, బోరు నీటితో కాచిన చాయ్‌లో రెండు వైపుల నుంచీ ఫ్లోరైడ్ చేరుతుంది. పాలలోని కాల్షియం కొంత ఫ్లోరైడ్‌ను పట్టి, కరగని పదార్థంగా మార్చి, ఒంటికి పట్టకుండా చేస్తుందన్నది నిజమే. కానీ మన చాయ్‌లో పోసే పాలెన్ని!

భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు, మరో వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మామూలు క్యాండిల్ ఫిల్టరు దీన్ని ఆపలేదు, ఆర్ఓ యంత్రం ఆపుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దానికి ప్రపంచమంతా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. పాళ్లు కుదరకపోతే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది కనుక, కొలతలు తెలియకుండా ఇంట్లో దీన్ని చేయవద్దు.

మీ ఇంట్లో పచ్చిపులుసు మానవలసిన అవసరం లేదు, కడుపులో మంట ఉన్నవారు మాత్రం తగ్గించుకోవాలి. ముందు బియ్యానికీ చాయ్‌కీ రెండు బిందెలు భగీరథ నీళ్లు అదనంగా పట్టి ఉంచండి. చింతపండు నానబెట్టేది కూడా ఆ నీళ్లలోనే. ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరికైనా నడుము, మెడ బిగుసుకుపోతున్నా, పిల్లల పళ్లపై సుద్దలాంటి తెల్లని లేదా గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నా, ఆ నివేదికను వెంట తీసుకొని వైద్యునికి చూపించండి.