పొద్దున్నే మొండికేసే బోటు మోటారు

ప్రశ్న: సార్, మాది సాగర్ బ్యాక్ వాటర్ ఒడ్డున, చందంపేట మండలం. ఇన్నాళ్ళు పుట్టి మీదనే వల వేసేవాళ్ళం, ఈమధ్య ఫైబర్ బోటు తీసుకుని దానికి పాత 8 హార్స్ పవర్ టూ స్ట్రోక్ పెట్రోలు మోటారు బిగించుకున్నాం. ఇగం మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున వల తీయడానికి పోదామంటే స్టార్ట్ కాదు, తాడు గుంజి గుంజి జబ్బలు పడిపోతున్నాయి. ఒక్కసారి అందుకుందంటే మాత్రం మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు ఆపినా ఒక్క గుంజుకే లేస్తుంది. మెకానిక్ ప్లగ్గు మార్చాడు, మళ్ళీ ఇంకోటి మార్చాడు, ఇప్పుడు కార్బొరేటర్ కిట్ వేయాలంటున్నాడు. ట్యాంకు నుంచి మోటారుకు వచ్చే పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు ఎంత నొక్కినా మెత్తగానే ఉంటుంది, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: ఉంది, చాలా ఉంది. చివర్లో గుర్తొచ్చి రాసినట్టున్నారు గానీ మీ ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చింది ఆ బల్బు మాటే. ప్లగ్గో కాయిలో పాడైతే వేడెక్కాక కూడా సతాయిస్తుంది, కాయిల్ అయితే చాలాసార్లు వేడెక్కాకే ఎక్కువ సతాయిస్తుంది. మీది మధ్యాహ్నం దాకా ఒక్క గుంజుకే లేస్తోందంటే నిప్పురవ్వ బాగానే పడుతున్నట్టు. కాబట్టి మూడో ప్లగ్గు కొనకండి, కిట్టుకు కూడా ఇప్పుడే డబ్బులివ్వకండి.

చల్లబడిన ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, లోపలికి వెళ్ళిన దాంట్లో కొంత చల్లటి గోడలకు తడిగా అంటుకుని అక్కడే ఉండిపోతుంది. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పోయేలా చేస్తాం. కానీ కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉంటేనే కదా చోక్ చేసేదేమైనా! మీ మోటారులో ఇంధన పంపు నడిచేది క్రాంక్‌కేసులో, అంటే పిస్టన్ కింది గదిలో, ఒత్తిడి పెరిగి తగ్గడం వల్ల. చేత్తో తాడు గుంజే వేగానికి ఆ పంపు లాగే పెట్రోలు చాలా తక్కువ. ఆ లోటు తీర్చడానికే బల్బు పెట్టారు. రాత్రి పైపులో పెట్రోలు వెనక్కి ట్యాంకులోకి జారిపోయి, పొద్దున బల్బు కూడా దాన్ని పైకి తోయలేకపోతే మీరెంత గుంజినా లాగేది గాలినే.

ముందు చిన్న విషయాలు చూసుకోండి. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా, బల్బు మీది బాణం గుర్తు మోటారు వైపు చూపిస్తోందా (పైపు తిరగేసి బిగించినవాళ్ళు ఉన్నారు, నవ్వకండి). నొక్కేటప్పుడు బల్బును నిలువుగా, బాణం పైకి ఉండేలా పట్టుకోండి, లోపలున్న వాల్వులు సరిగ్గా కూర్చుంటాయి. పడవలో పడుకోబెట్టి నొక్కితే మంచి బల్బు కూడా ఒక్కోసారి గట్టిపడదు.

అయినా మెత్తగానే ఉంటే పైపును మోటారు దగ్గర కనెక్టర్ నుంచి ఊడదీసి అప్పుడు బల్బు నొక్కండి. కనెక్టర్‌లో వాల్వు మూసుకుంటుంది కాబట్టి పెట్రోలు బయటికి పోదు, బల్బు రాయిలా గట్టిపడాలి. గట్టిపడలేదా, తప్పు ట్యాంకు నుంచి కనెక్టర్ దాకా ఉన్న భాగంలోనే: బల్బు వాల్వు పోయి ఉండొచ్చు, ఎండకు పైపు పగిలి ఉండొచ్చు, క్లిప్పు వదులై ఉండొచ్చు, కనెక్టర్‌లోని ఓ-రింగు (రబ్బరు రింగు) అరిగి ఉండొచ్చు. పగులు కంటికి కనబడకపోయినా గాలి లాగుతుంది. పైపు, బల్బు, కనెక్టర్ మూడూ కలిసిన సెట్టుగా దొరుకుతాయి, పాత మోటారు కాబట్టి నేనైతే ముక్క ముక్కగా వెతక్కుండా సెట్టే మార్చేస్తాను.

అలా ఊడదీసినప్పుడు గట్టిపడి, మోటారుకు పెట్టగానే మళ్ళీ మెత్తబడుతూ ఉంటే మాత్రం మీ మెకానిక్ మాట నిజం కావచ్చు. కార్బొరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోలు దారి మూసే సూది) మూసుకోక పెట్రోలు పొర్లిపోతోందన్నమాట. దానికి గుర్తులు వేరే ఉంటాయి: కవరు తీస్తే గుప్పున వాసన, మోటారు వెనక నీళ్ళ మీద రంగురంగుల తెట్టె. ఇవి కనబడితే కిట్ వేయించుకోండి, డబ్బులు దండగ కావు.

పైపు బాగయ్యాక పొద్దున ఇలా చేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఊడితే మోటారును ఆపేసే ఎర్ర తాడు క్లిప్పు దాని స్విచ్చులో ఉందో లేదో చూసి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ స్టార్ట్ గుర్తు దగ్గర పెట్టండి. తాడును ముందు మెల్లగా లాగి, పట్టు తగిలిన చోటు నుంచి గట్టిగా గుంజండి. ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిందంటే చోక్ సగానికి తోసి గుంజాలి, చాలామంది ఇక్కడే పూర్తి చోక్ మీద గుంజుతూ ఉండి పెట్రోలు నింపేస్తారు. ఎంతకీ లేవకపోతే ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, మళ్ళీ పైపు దగ్గరికే వెళ్ళండి. తడిసి ముద్దయి ఉంటే ప్లగ్గు తుడిచి, చోక్ పూర్తిగా లోపలికి తోసేసి, రంధ్రం ఖాళీగా ఉంచి కాసేపు తాడు లాగండి, ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. ప్లగ్గు వైరును మాత్రం ఆ రంధ్రానికి దూరంగా, ఇంజిన్ ఇనుముకు తాకేలా పెట్టాలి, పక్కన బీడీ వెలిగించేవాళ్ళు ఉండకూడదు.

కవరు తీసినప్పుడే చోక్ లాగి చూడండి, లోపలి రేకు కార్బొరేటర్ నోటిని పూర్తిగా మూస్తోందా లేదా. కేబుల్ వదులైతే మీ చేతికి చోక్ పడినట్టే అనిపిస్తుంది, రేకు మాత్రం సగమే మూసుకుంటుంది.

పెట్రోలు కూడా తాజాది పోయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే దాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, నీళ్ళ మీదుండే ట్యాంకులో ఇంకా త్వరగా. వారాల తరబడి వేటకు వెళ్ళనప్పుడు పైపు ఊడదీసి మోటారు దానంతటదే ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి, రోజూ వెళ్ళేటప్పుడు ఆ పని అక్కర్లేదు.

ఈ పరీక్షలన్నీ ఒడ్డునే చేయండి. మోటారును డ్రమ్ము నీళ్ళలో ముంచకుండా ఉత్తగా స్టార్ట్ చేస్తే కింద నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రెక్కల చక్రం) కాసేపట్లోనే కాలిపోతుంది. మోటారు నమ్మకంగా లేచేదాకా పాత తెడ్లు పడవలోనే ఉండనివ్వండి.

ప్రశ్న: ప్లగ్గు తీసి రంధ్రంలో కాస్త పెట్రోలు పోస్తే మా మోటారు వెంటనే అందుకుంటుంది. రోజూ అలా చేయొచ్చా? (సోమశిల దగ్గరి పాఠకుడు)

జవాబు: వద్దు. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలులో కలిపి పోయడం వల్లే, ఉత్త పెట్రోలు ఆ నూనె పొరను కడిగేస్తుంది. పైగా చెక్క మీద, బట్టల మీద ఒలికిందంటే నిప్పుతో చెలగాటం. స్టార్టింగ్ స్ప్రేలూ అంతే. అయితే పోస్తే లేస్తోందంటే నిప్పురవ్వ ఉంది, అందనిది పెట్రోలే అని తేలిపోయింది కాబట్టి పైన చెప్పిన బల్బు పరీక్ష మీరూ చేయండి.

ప్రశ్న: పాత స్కూటర్లలో పోసే టూటీ ఆయిలే బోటు మోటారుకు వాడొచ్చా? (నాగార్జునసాగర్ నుంచి)

జవాబు: స్కూటర్ ఇంజిన్ గాలికి చల్లబడేది, బాగా వేడెక్కుతుంది. బోటు మోటారు నది నీళ్ళతో చల్లబడుతుంది కాబట్టి అంత వేడెక్కదు, స్కూటర్ నూనెలో ఉండే బూడిద పదార్థాలు ప్లగ్గు మీద పేరుకుంటాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నది కొనండి. చాలా మోటార్లకు 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మీ మోటారు పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించండి. మంచికని చేత్తో ఇంకాస్త పోసేవాళ్ళ మోటార్లే పొద్దున ఎక్కువ పొగ వదులుతూ ఆలస్యంగా లేస్తాయి.